తడి ఆరని పూలంగడి

హిందూపురం,
12-2-1961.

చిరంజీవి కుళ్ళాయమ్మను అన్న నరసింహులు ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. ధర్మవరంలో నువ్వూ, పిన్నమ్మా, ఆమె మగ్గమూ సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నా నూనెరంగుల పటం పూర్తయింది. బడిలో పిల్లల చేత జామకాయలూ కుండలూ గీయించే డ్రాయింగు మాస్టరుకు ఇంత పనెందుకని వీధంతా నవ్వింది. నవ్వనీ. తెల్లవారగానే మన పూలంగడి ఎలా ఉంటుందో అలాగే పట్టుకోవాలని నా పట్టుదల. తడి గోనెలు, చామంతి గంపలు, మరువం కట్టలు, వాటి మీద లేత ఎండ. గీతలు గీసి తీరిగ్గా నింపుతూ కూర్చుంటే ఆ ఎండ మన కోసం ఆగదు. అందుకే గీతలు మానేసి రంగును ముద్దలు ముద్దలుగా పెట్టేశాను. మగ్గం మీద నీలం పడుగులో ఎర్ర పేక పడితే దూరానికి వంగపండు రంగు కనిపిస్తుందని ఆ మధ్య రాశావే, అదే చేశాను. రంగులు కలపకుండా పక్కపక్కన పెట్టాను. కాస్త వెనక్కి జరిగి చూస్తే కళ్లే కలుపుకుంటాయి.

చిక్కల్లా మీదపడి చూసేవాళ్లతోనే. మన పక్క అంగడి ఓబుళప్ప వచ్చి, ఏమప్పా, మనుషులకు మూతులు యాడికి పోయినాయి, రంగుల డబ్బా తన్నేసినావా అని అడిగాడు. అమ్మ మాత్రం గంప ముందు కూర్చున్నది తానేనని గుర్తుపట్టి, నా నడుము అంత వంగిపోయిండాదా అంది.

ఆమె పక్కన పూలు కడుతున్నది నువ్వే. ఊరందరి జడలకూ మూరలు కొలిచి ఇచ్చే మన అమ్మ, మీ ఆయన పోయాక నీ జడకు మాత్రం పూలు కూడదంది. నాయన పోయినప్పుడు తన తల్లో పూలు తానే తీసేసుకున్న మనిషి. ఆ దసరాకు నువ్వు చిన్న కనకాంబరాల తునక పెట్టుకుంటే నలుగురిలో లాగేసింది. ఆ రోజు వెళ్లినదానివి మళ్లీ మన గడప తొక్కలేదు. నాకు మీ ఇద్దరి మీదా కోపమే. అమ్మ ఊసెత్తవద్దన్నావు, ఎత్తాను, తిట్టుకో. పటంలో కూడా నీ జడ బోసిగానే వదిలాను. పూలు పెడదామని చెయ్యి లేచింది గానీ, ఇంట్లో ఇంకో రగడ ఎందుకని కుంచె దించేశాను.

ఉగాదికి రా. నువ్వు లేని పండగ నాకు రుచించడం లేదు. రానంటే పెనుకొండలో చట్రం కట్టించి, పటాన్ని నేనే రైల్లో తెచ్చిస్తాను. పిన్నమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
నీ అన్న
నరసింహులు.

తా.క. ఉత్తరం అంటించకుండా ఆపాను. ఇప్పుడే స్నానం చేసి వచ్చి చూస్తే, పటంలో నీ జడ మీద కనకాంబరం రంగు చుక్కలున్నాయి. కుంచెతో పెట్టినవి కావు, వేలితో అద్దినవి. అమ్మ తలవంచుకుని పూలు కడుతోంది. ఆమె వేలికి ఆ రంగు అలాగే ఉంది. నూనె రంగు నీళ్లకు పోదమ్మా, కిరసనాయిలుతో తుడుస్తాను, చెయ్యి ఇటివ్వు అన్నాను. ఇప్పుడొద్దులే, బిడ్డ వచ్చి చూసినాక తుడుద్దువు అంది.