పాలపంటిలో పర్మినెంటు మందు

దంతవైద్యుల మండలి రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,
(కుర్చీలో ఉన్నది ఆడవారైతే, అమ్మా. తమ గది తలుపు మీద హోదా తప్ప ఇంకేమీ రాసి లేదు.)

విషయం: కరిగిపోయే మందు పెట్టానని చెప్పి మా అమ్మాయి పాలపంటి వేళ్ళలో కరగని మందు కూరిన దంతవైద్యునిపై (సదరు వ్యక్తి నాకు స్వయానా తమ్ముడు) చర్య కోరుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగుల పోస్టుల సంగతి చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేయుచున్నాను. ఇలాంటి అర్జీలు రోజూ అందుకొని, మూలన ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి పై అధికారికి పంపేది నేనే. ఇంటి గొడవలను ఇలా కాగితం మీద పెట్టేవాళ్ళను చూసి, వీళ్ళకు ఇంట్లో మాట్లాడుకోవడం రాదా అనుకునేదాన్ని. వస్తుంది. మాట్లాడిన తరువాతనే ఇది రాయుచున్నాను.

1. మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా కింది దవడ పన్ను పుచ్చి, చెంప వాచినది. పన్ను పీకేస్తే పక్కపళ్ళు జరిగి కొత్త పంటికి చోటు ఉండదనియు, వేళ్ళలోని కుళ్ళు తీసి మందు నింపితే కొన్నేళ్ళు నిలబడుననియు ప్రతివాది తెలియజేసియున్నాడు. ఇంతమంది డాక్టర్లుండగా వాడి దగ్గరికే ఎందుకు వెళ్ళావని తాము అడగవచ్చును. వాడు నా చెయ్యి పట్టుకొని బడికి నడిచినవాడు. వాడు క్లినిక్ తెరిచిన నాడు ఆ కుర్చీలో మొదట కూర్చున్నది నేను. నాకు ఏ పన్నూ నొప్పిగా లేదు. తమ్ముడి కుర్చీ ఖాళీగా ఉండకూడదని కూర్చున్నాను.

2. సదరు చికిత్స నాడు వాడు ఒక ట్యూబు చూపించి అమ్మాయితో అన్న మాటలు యథాతథముగా:

“ఇదిగో చిట్టెలుకా, ఇందులో పసుపుపచ్చ ముద్ద ఉంటుంది. ఇది నీ పంటి వేళ్ళలో పెడతా. నువ్వు పెద్దయ్యేకొద్దీ ఆ వేళ్ళతో పాటు ఇదీ కరిగిపోతుంది. కింద నుంచి కొత్త పన్ను దర్జాగా వచ్చేస్తుంది.”

“నిజంగా కరుగుతుందా మామయ్యా?”

“మామయ్య నీకెప్పుడైనా అబద్ధం చెప్పాడా?”

అమ్మాయి నా మొహం చూసినది. నేను తల ఊపితిని. అప్పుడు నోరు తెరిచినది. పని అయ్యాక పంటి మీద స్టీలు టోపీ తొడిగినాడు గనుక లోపల ఏమున్నదీ పైకి కనిపించలేదు.

3. పళ్ళ సంగతి తమకు చెప్పేంతదాన్ని కాను. తరువాత మేము వెళ్ళిన పిల్లల పళ్ళ డాక్టరమ్మ (కింద 4 చూడుడు) చెప్పగా నా సెక్షన్ భాషలో నాకు అర్థమైనది ఇది. పాలపన్ను టెంపరరీ పోస్టు. పర్మినెంటు పన్ను కింద తయారై పైకి వస్తుంటే పాలపంటి వేళ్ళు అరిగిపోయి సీటు ఖాళీ చేస్తాయి. వేళ్ళలో నింపిన మందు కూడా వాటితో పాటే దిగిపోవాలి. పెద్దవాళ్ళ పళ్ళలో పెట్టే రబ్బరు పుల్లలు ఉన్నవే, అవి కరగవు. మా తమ్ముడు టెంపరరీ సీటులో వాటిని కూర్చోబెట్టినాడు.

4. ఇప్పుడు అమ్మాయి నాలుగో తరగతి. ఈ మధ్య అదే పంటి కింద చిగురు వాచి చీము పట్టినది. ప్రతివాదికి చూపగా, “ఏం కాదక్కా, పళ్ళు మారే వయసు కదా” అని మాత్రలిచ్చి పంపినాడు. వాపు తగ్గలేదు. పిల్లల పళ్ళు మాత్రమే చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళితిని. ఆమె తీసిన ఎక్స్‌రేలో పాలపంటి వేళ్ళు దాదాపు లేవు. వాటి చోట రెండు తెల్లటి గీతలు మేకుల్లా నిలబడి ఉన్నవి. కొత్త పన్ను వాటిని తప్పించుకోబోయి పక్కకు ఒరిగి ఉన్నది.

ఏం పెట్టారో కనుక్కుందామని డాక్టరమ్మ వాడికి ఫోను చేసినది. చేతులకు గ్లవ్స్ ఉండుటచే ఫోను బల్ల మీద పెట్టి స్పీకరులో మాట్లాడినది. మేము అక్కడ ఉన్నామని వాడికి తెలియదు.

“పసుపు ముద్దే పెట్టానండీ. వాళ్ళమ్మకి ఆఫీసు తప్ప ఇంకో ధ్యాస లేదు. చెకప్‌కి రమ్మంటే ఒక్కసారీ తీసుకురాలేదు. పిల్ల చేత బ్రష్ కూడా సరిగ్గా చేయించదు.”

అయ్యా, ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి, మా సోఫాలో కూర్చొని, “ఏదీ, ఈ అనీ” అని మా అమ్మాయి పళ్ళు చూసింది వీడే. ఇంకెక్కడి చెకప్? ఇన్నేళ్ళలో నేను వాడిని పల్లెత్తు మాట అనలేదు. కుర్చీలో పడుకొని ఉన్న అమ్మాయి లేచి కూర్చొని, “అమ్మా, మామయ్య నీ మీద చాడీలు చెప్తున్నాడు” అన్నది. తరువాత నోరు మూసినది. మళ్ళీ ఏ డాక్టరుకూ తెరవలేదు. నాకూ తెరవడం లేదు. పన్ను వెంటనే తీయకపోతే కొత్తది అలాగే ఒరిగి పాతుకుపోవునని డాక్టరమ్మ హెచ్చరించియున్నది.

5. ఎక్స్‌రే ముందు పెట్టి నిలదీయగా ప్రతివాది తల దించుకొని చెప్పినది:

“ఆ ట్యూబు అయిపోయిందక్కా. నొక్కితే గాలే వచ్చింది. నువ్వేమో సెలవు పెట్టుకుని వచ్చావు, మళ్ళీ రమ్మంటే అరుస్తావని… పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోయేదే అనుకున్నా.”

“మరి ఫోన్లో నన్నెందుకు అన్నావురా?”

ప్రతివాది ఎక్స్‌రేను కవరులో పెట్టి నా చేతికిచ్చినాడు.

కావున తమరు దయతో (అ) సదరు వ్యక్తి లైసెన్సు రద్దు చేయవలెను. (ఆ) మా ఆఫీసులో ఎవరి పిల్లకు పన్ను నొప్పి వచ్చినా “మా తమ్ముడున్నాడు, కళ్ళు మూసుకుని వెళ్ళండి” అని పంపినది నేనే గనుక, ఆ పిల్లలందరికీ ఎక్స్‌రేలు తీయించవలెను. వాళ్ళ తల్లుల పక్కన కూర్చొని టీ తాగలేకపోతున్నాను. (ఇ) తన తప్పు అక్క నెత్తిన రుద్దుటకు తమ నిబంధనలలో శిక్ష ఉన్నచో అదియు విధించవలెను. లేనిచో చేర్చవలెను.

ఇందులో అక్షరం కల్పించలేదు. ఓపికతో చిత్తగించి న్యాయం చేయవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ప్రతివాదికి అక్క

తా.క. కవరు అంటించబోతుండగా అమ్మాయి వచ్చి ఏం రాశావని అడిగితే చదివి వినిపించాను.

“లైసెన్సు పోతే మామయ్య ఇంక పళ్ళు తియ్యలేడా?”

“తియ్యలేడు.”

“మరి నాది?”

“డాక్టరమ్మ తీస్తుందిరా.”

“ఊహూఁ. ఎవరు పెట్టారో వాళ్ళే తియ్యాలి. తీసి ఏం పెట్టాడో నాకు చూపించాలి. అప్పుడే నోరు తెరుస్తా.”

ఎంత బతిమాలినా వినలేదు. పంటి బిగువున కోపం దిగమింగి వాడికి ఫోను చేశాను. వాడు ఏడ్చాడు. నేను ఏడవలేదు. మంగళవారం సాయంత్రం తీస్తానన్నాడు. డాక్టరమ్మ పక్కనే నిలబడడానికి ఒప్పుకుంది. కావున తమరు రద్దు ఉత్తర్వులు జారీ చేయు పక్షంలో అవి బుధవారం నుంచి అమలులోకి వచ్చునట్లు చేయ ప్రార్థన. మంగళవారం వరకు వాడు డాక్టరుగా ఉండాలి. తమ్ముడిగా ఎన్నాళ్ళు ఉంటాడన్నది తమ పరిధిలోనిది కాదు. నాకూ ఇంకా తెలియదు.