లాటిన్ చదివినోళ్లం

ప్రసాదూ,

నువ్వు చనిపోయి ఈ రోజుకు ఏడాది. నిన్న మీ అమ్మ ఇల్లందు నుంచి బస్సులో మా ఇంటికి వచ్చింది. గనిలో దుమ్ము మింగి మింగి మీ నాయన ఊపిరితిత్తులు చెడిపోయినయట. దవాఖానాలో డాక్టరు రాసిచ్చిన చీటీని కొంగుముడి విప్పి నా చేతిలో పెట్టింది.

"నువ్వూ మావోడూ ఒక్క బెంచీ మీద లాటిన్ సదివిన్రు గదరా. జర సూసి చెప్పు."

మందుల చీటీల్లో లాటిన్ ఉంటుందని మిషన్ హైస్కూల్లో ఫాదర్ చెప్పిన మాటను వేసవి సెలవుల్లో మీ గని కార్మికుల క్వార్టర్లన్నీ తిరిగి చాటింది మనమే. అప్పటినుంచి ఎవరికి జ్వరమొచ్చినా చీటీ నీ దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను పక్కన నిలబడేవాణ్ణి. లాటిన్ పరీక్షల్లో నీ పేపరు చూసి రాసి పాసయ్యానని మీ అమ్మకు తెలియదు.

రోజుకు మూడుసార్లు, తిన్న తర్వాత వేసుకోవాలని చదివి చెప్పాను.

"గది కాంపౌండరు గూడ చెప్పిండు. మనిషి బతుకుతడా లేదా, గది యాడ రాసిండో సూడు."

అది చీటీలో రాయరని చెప్పాను. ఆమె నమ్మలేదు.

"గన్ని బెత్తం దెబ్బలు తిని గిదేనా నేర్సింది? మెల్లగనే సూడు బిడ్డా, నాకు జల్దీ లేదు."

మళ్లీ మొదటినుంచి చదివాను. నా మొహం చూస్తూ కూర్చుంది. చివరికి చీటీ తీసుకుని మడిచింది.

"మావోడైతే చెప్పేటోడు."

"అవ్ పెద్దమ్మా," అన్నాను.