మధ్యలో ఆస్ట్రియా

అరోరా, అమెరికా, 1984 సెప్టెంబరు, శుక్రవారం రాత్రి

పెళ్లయి పదేళ్లయిందని మా ఆయన వేసిన యూరప్ ప్లాన్‌కి నా ఇండియన్ పాస్‌పోర్టే అడ్డు పడింది. జ్యూరిచ్ నుంచి మ్యూనిక్ వెళ్లే రైలు మధ్యలో కాసేపు ఆస్ట్రియాలోంచి పోతుందని ఇవాళ మ్యాపు పరిస్తే తెలిసింది. స్విట్జర్లాండ్‌కీ జర్మనీకీ నాకు వీసాలు తెచ్చుకున్నాం గానీ ఆస్ట్రియా సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఆయనది అమెరికన్ పాస్‌పోర్టు, ఏ వీసా అక్కర్లేదు. పోయినేడాది ఇద్దరం సిటిజన్‌షిప్ తీసుకుందామంటే చివరి నిమిషంలో నేనే వెనక్కి తగ్గాను. ఆ కోపం ఆయనకి ఇంకా పోలేదు.

ఎల్లుండే ప్రయాణం. ఇప్పుడు వీసా ఎక్కణ్ణుంచి వస్తుంది?

"కాసేపే కదా, ఎవడూ చెక్ చేయడులే," అన్నారు టైమ్‌టేబుల్ మీంచి తల ఎత్తకుండా.

"చెక్ చేసి నన్ను దించేస్తే?"

"నెక్స్ట్ ట్రైన్‌లో జ్యూరిచ్ వెళ్లిపో. హోటల్ అడ్రస్ రాసిస్తా."

మరి మీరో అని అడగబోయాను. ఆయన అప్పటికే కాగితం చింపి రాయడం మొదలుపెట్టారు.

అది నా పాస్‌పోర్టులో పెట్టుకున్నాను. అడ్రస్ కింద, "సింగిల్ రూమ్ అడుగు" అని కూడా రాశారు.