గుప్పిట్లో పసుపు బిళ్ళ

జూలై 8, సోమవారం

బాబాయ్ షాపుకి పాత గేమ్ మెషీన్ ఒకటి రిపేరుకొచ్చింది. పసుపు మొహం ఒకటి సందుల్లో చుక్కలు తింటూ తిరిగే ఆట. నాలుగు దయ్యాలు దాన్ని తరుముతాయి. వెనక చెక్క విప్పితే వైర్ల మధ్య గుండ్రటి పసుపు బిళ్ళ దొరికింది. ఇది ఏ పార్టూ కాదు, నువ్వే ఉంచుకో అన్నాడు బాబాయ్.

ఇంటికొస్తుంటే మలుపులో కుక్క రోజూలాగే వెంటపడింది. భయంతో గుప్పిలి బిగించాను. బిళ్ళ వేడెక్కింది. కుక్క ఒంటి మీద నీలం పాకింది. తోక ముడిచి పారిపోయింది.

రోజుకో కొత్త మాట నేర్చుకుని రాసుకుంటాను. ఇవాళ్టి మాట: బెదురు. నాది కాదు, దానిది.

జూలై 9

మేథ్స్ సార్ హోంవర్క్ చూడ్డానికి నా బెంచీ వైపే వచ్చారు. చేశాను. చేసినా భయమే. గుప్పిలి బిగించాను. ఆయన మొహం నీలంగా మారింది. సుద్దముక్క జారవిడిచి, మంచినీళ్ళ వంక పెట్టి బయటికి వెళ్ళిపోయారు. పక్కపిల్ల, సార్‌కి ఒంట్లో బాలేదేమో అంది. నాకు లోపల నవ్వు. సిగ్గు కూడా. కొంచెమే.

జూలై 11

ఇవాళ గుప్పిలి బిగిస్తే కుక్క పారిపోయినట్టే పోయి వెంటనే తిరిగొచ్చింది. బ్యాగు పట్టీ దాని నోటికి చిక్కింది.

బాబాయ్‌ని మాటవరసకి ఆట గురించి అడిగాను. పెద్ద చుక్క తింటే కాసేపు దయ్యాలే నీలంగా మారి పారిపోతాయట. అప్పుడు వాటినే తినేయొచ్చట. స్టేజీలు పెరిగేకొద్దీ ఆ కాసేపు తగ్గిపోతుందట. ఎందుకే, చదువు గాలికొదిలి ఇక్కడ కూర్చుంటావా అన్నాడు.

ఇవాళ్టి మాట: గుబులు. మంచి మాట. ఇవాళ నచ్చలేదు.

జూలై 13, శనివారం, సాయంత్రం 5

రాయాలని లేదు. అయినా రాయాలి.

చెల్లిని నా తోక అని పిలుస్తుంది అమ్మమ్మ, ఎప్పుడూ నా వెనకే ఉంటుందని. పొద్దున నేను టిఫిన్ బాక్స్ మర్చిపోయాను. అదివ్వడానికి నా వెనకే పరిగెత్తుకొచ్చింది. నాకు అడుగుల చప్పుడే వినపడింది. కుక్కనుకున్నాను. గుప్పిలి బిగించి గిర్రున తిరిగాను.

దాని చిన్న మొహమంతా నీలం. బాక్స్ పడేసి రోడ్డు మీదికి పరిగెత్తింది. స్కూటర్ ఆయన బ్రేకేసి, చిన్నపిల్లని అలా వదిలేస్తారా అని నన్ను తిట్టాడు. చెల్లి మోచెయ్యి గీరుకుంది, అంతే. అంతే అని రాస్తే అంతే అయిపోదు.

నీలం క్షణంలో పోయింది. భయం పోలేదు. అక్క నన్ను తినడానికొచ్చింది అని అమ్మతో చెప్పిందట. చిన్నదాంతో ఆ పిచ్చి ఆటలేమిటే అని అమ్మ నన్ను కసిరింది.

జూలై 14

నేను గదిలోకి వస్తే చెల్లి వెళ్ళిపోతోంది.

జూలై 16

నీ తోక తెగిందేమే అంది అమ్మమ్మ. నవ్వలేకపోయాను. బిళ్ళ పారేద్దామనుకున్నాను. పారేస్తే చెల్లి నా దగ్గరికొస్తుందా? రాదు.

జూలై 17, మధ్యాహ్నం

గుమ్మంలో కూర్చుని బిళ్ళని చెల్లి వైపు దొర్లించాను. గట్టిగా పట్టుకో, ఇప్పుడు భయపడాల్సింది నేను అన్నాను. చాలాసేపు చూసింది. తీసుకుంది. నేను లేచి దాని వైపు నడిచాను.

గుప్పిలి బిగించింది.

నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి, వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వరండాలోకి. వెనక దాని నవ్వు. ఇన్నాళ్ళకి. ఆగి వాటేసుకోవాలని ఎంత ఉన్నా ఆగలేకపోయాను.

జూలై 18

చెల్లి మళ్ళీ నా పక్కనే కూర్చుని భోంచేసింది. బిళ్ళ ఎక్కడుందని అడిగే ధైర్యం చాల్లేదు. కంచం కాస్త ఇవతలికి జరుపుకున్నాను.

చెల్లీ జరిగింది, నా దగ్గరికి.