డాబాకు వేసిన సున్నం

బాబాయ్,

ఇక్కడ అందరం బాగున్నాం. నీ మీద కోపం పోయిందని చెప్పడానికే రాస్తున్నాను.

ఊరందరి ఇళ్లకూ రంగులు వేసే మనిషివి కదా అని, పాప పుట్టేలోపు మా గదికి సున్నం వేయమని పిలిచాను. తెచ్చిన సున్నమంతా పైన డాబాకు పూసేసి నిచ్చెన దిగావు. గదిలో మరకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "పైన ఎవరు చూస్తారు బాబాయ్?" అని నేను గొంతు చించుకుంటే, "గోడల్ని చుట్టాలు చూస్తారు. డాబాని ఎండ చూస్తుందమ్మా" అని చేతులు కడుక్కుని వెళ్లిపోయావు.

ఒకప్పుడు ఈ నెలలో తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్లమని అత్తయ్య అంటే కట్టుకథలా ఉంటుంది. ఇప్పుడు మధ్యాహ్నమయ్యేసరికి వీధంతా ఏసీలు వేస్తారు, కరెంటు చేతులెత్తేస్తుంది. కిందటేడు ఆ వేళకు మా గది పొయ్యిలా ఉండేది.

నిన్న కరెంటు పోగానే పాపను ఎత్తుకుని కిందింటికి పరుగెత్తబోయాను. చూస్తే అది ఆదమరిచి నిద్రపోతోంది. ఫ్యాన్ ఆగిన సంగతే దానికి తెలియదు. నమ్మలేక స్టూలెక్కి పైకప్పుకు చెయ్యి ఆనించాను. కాలలేదు బాబాయ్. అలాగే స్టూలు మీద నిలబడి ఏడ్చేశాను.

మా ఆయన ఇప్పుడు ఏసీ ఊసే ఎత్తడం లేదు. పక్కింటివాళ్లు నీ ఫోన్ నంబరు అడిగారు. మరకలు ఉంటే ఉండనీ.

పాపను చూడటానికి రా. మధ్యాహ్నం వస్తే మాత్రం బెల్లు కొట్టకు, అది పడుకుని ఉంటుంది.

నీ అన్న కూతురు,
కోపిష్టిది