పైన నిలబడే మనిషి

బేతంచెర్ల,
మంగళవారం, 2007.

తమ్ముడు ప్రభుదాసుకు,

ఫోన్లో చెబితే నాయన వింటాడని, నాపరాళ్ల లారీలో హైదరాబాదు వచ్చే దానియేలు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వు తయారుచేసిన కంప్యూటర్ ఆటలో పాత గుహల కోసం హీరోతో పోటీపడే దుర్మార్గపు శాస్త్రవేత్తను మీ ప్రొఫెసర్‌ను చూసే గీశానని నవ్వావు కదా. ఆయన నిన్న మనింటికి వచ్చాడు. అదే గడ్డం, చేతిలో అదే వెండి పొన్ను కర్ర. ఆటంతా ఆడాడట. కోపం మాత్రం ఏమీ చూపించలేదు.

అందులోని గుహ మన గని వెనకదేనని కనిపెట్టాడు. శనివారం నాయన దారి చూపించాలట. నీకు చదువు చెప్పిన సారని నాయన కాదనలేకపోయాడు. పైన ఒక మనిషిని నిలబెట్టందే నాయన ఏనాడూ గనిలోకి దిగలేదు. ఈసారి ఎవరు నిలబడతారని అడిగితే, "సారు ఎవురూ వద్దన్యాడు పాపా, శానా రహస్యమంట" అన్నాడు.

నీ ఆట చివర్లో, దారి చూపించిన ముసలాయన్ని లోపలే వదిలి, ఆ శాస్త్రవేత్త గుహకు బండ అడ్డం పెట్టిస్తాడు. నువ్వు వెంటనే బయలుదేరు.

నిన్న గడప దాటుతూ ఆయన నాతో అన్నాడు: "మీ తమ్ముడు రాసిన ముగింపు నాకు చాలా నచ్చిందమ్మా."

అక్క