గడియారం కాదు, పళ్ళెం చూసి

నారిన్, జూన్ 9

ప్రియమైన అయిమీరా వాళ్ళ నాన్నకి,

మనవడికి అచ్చంగా మీ ముక్కే వచ్చింది. అమ్మాయి కాన్పు నుంచి కోలుకుంటోంది. మీ మధుమేహం మాత్రలు పాల లారీ డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. కొండమీద గుడారంలో ఒక్కరే ఉన్నారు, డాక్టరమ్మ మాట మరిచిపోకండి. తిండి ముందు పెట్టుకున్నాకే మాత్ర. ఆ పూట తినకపోతే మాత్రా వద్దు.

మీ జూరకాన్

సోన్‌కుల్ మేతభూములు, జూన్ 20

ప్రియమైన జూరకాన్,

పొట్లం అందింది. "పిన్ని పంపింది మందులా, ప్రేమలేఖా బాబాయ్?" అని డ్రైవరు ఒకటే ఎగతాళి. బెంగపడకు. గడియారం చూసి మూడు పూటలా ఠంచనుగా మింగుతున్నాను. గుర్రాలు బలిశాయి.

నీ సగింబాయ్

నారిన్, జూన్ 24

ప్రియమైన మీకు,

చదవగానే జవాబు రాస్తున్నాను. గడియారం కాదండీ, పళ్ళెం చూసి మింగాలి! మాత్ర పడ్డాక తిండి పడకపోతే ముందు పెదవులు తిమ్మిరెక్కుతాయి, ఉత్తపుణ్యానికి కోపమొస్తుంది, తర్వాత చెమట, వణుకు. వెంటనే చక్కెర తినాలి. జేబులో ఉంచుకోండి.

మీ జూరకాన్

సోన్‌కుల్, జులై 11

ప్రియమైన జూరకాన్,

నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యంగా వచ్చింది. ముందురోజు మాత్ర మింగి రొట్టె తుంచబోతుంటే ఎర్రగుర్రం తాడు తెంపుకుంది. తినకుండానే ఇంకో గుర్రమెక్కి వెంటపడ్డాను. సరస్సు దగ్గర కళ్ళు తిరిగి జీను మీంచి పడ్డాను. పక్క గుడారం కన్యకేయ్ పరుగెత్తుకొచ్చి, "పట్టపగలే తాగావా అన్నా!" అని తిట్టింది. చెమటలు చూశాక బాగా చక్కెర కలిపి టీ తాగించింది. భుజం బెణికింది, అంతే. భయపడతావని ఇన్నాళ్ళూ రాయలేదు.

పెదవుల తిమ్మిరి నువ్వు రాసినట్టే వచ్చింది. డాక్టరమ్మ అంత వివరంగా చెప్పిందా? గుర్రాల మందని మా తమ్ముడికి అప్పగించి కిందికి వచ్చేయనా?

నీ సగింబాయ్

నారిన్, జులై 15

ప్రియమైన మీకు,

డాక్టరమ్మ చెప్పలేదు. నాకే వచ్చింది.

మార్చిలో మీకు రక్తపరీక్ష చేసిన రోజే నాకూ చేశారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒకటే మాత్ర. చెబితే మీరు ఈ వేసవి పైకి వెళ్ళేవారు కాదు. గుర్రాలు లేకుండా ఇంట్లో మీ దిగులు మొహం చూడలేనని దాచాను. మీరు వెళ్ళిన వారానికే, మాత్ర మింగాక బాబు ఏడిస్తే ఎత్తుకుని తిండి మరిచాను. వంటింట్లో కూలబడ్డాను. "నాన్నకి పాఠాలు చెప్పేది నువ్వేనా అమ్మా!" అని అయిమీరా ఒకటే ఏడుపు.

మీరు దిగి రావద్దు. అమ్మాయి లేచి తిరుగుతోంది, వచ్చే వారం గురువారం పాల లారీలో నేనే వస్తున్నాను. దారి బాగాలేదు, ఆలస్యం కావచ్చు. ముప్పై ఆరేళ్ళుగా నేనున్న చోట నేను వడ్డించందే మీరు రొట్టె ముట్టలేదు. ఆ రోజు మాత్రం నా కోసం ఆగకండి. వేళకి తినేయండి.

నేనూ దారిలో తినే వస్తాను.

మీ జూరకాన్